బధిర శిశువునకు మొదటి భాష

ముప్పది యేండ్ల క్రిందట నేను వేఱొక యూరి పాఠశాలలో మూడవ తరగతికి తెలుగు చెప్పుచుంటిని. ఆ తరగతిలో చివరి బల్లమీద నొక బాలిక కూర్చుండెడిది. ఉక్తలేఖనము చెప్పినపుడు "మాట" యనిన "బాట" యని వ్రాసెడిది. "బడి" యనిన "మడి" యని వ్రాసెడిది. అశ్రద్ధ యనుకొని మందలించితిని. రెండు మూడు పర్యాయములు బల్ల యెక్కించి నిలువబెట్టితిని కూడ. ఒకనాడు నల్లబల్లవైపు తిరిగి యేదో వ్రాయుచునే తరువాతి మాటలు చెప్పుకొనిపోయి, వెనుదిరిగి చూచితిని. పిల్లలందఱును వ్రాయుచున్నారు. ఆ బాలిక మాత్రము పెన్సిలు క్రింద బెట్టి నా వీపువంక చూచుచున్నది. నా ముఖము కనబడగానే పెన్సిలు మరల చేత బట్టెను. ఆమె యన్నినాళ్ళును నా మాటలను చెవితో గాక కంటితో వినుచుండెనని నాకప్పటికి బోధపడెను.

తల్లిని పిలిపించి యడిగితిని. "ఇంట్లో బాగానే వింటుందండీ, పిలిస్తే పలుకుతుంది" అని యామె చెప్పెను. అది యబద్ధము కాదు. ఇంటిలో తల్లి యెదుటనే యుండును. మాటకు ముందు చేయి కదలును, నేలపై నీడ కదలును. పరీక్ష చేయించగా రెండు చెవులయందును వినికిడి చాల తక్కువగా నున్నట్లు తేలెను. అప్పటికే బిడ్డకు ఎనిమిదేండ్లు నిండినవి.

మన పాఠశాలకు జూన్ మాసమున పిల్లలను చేర్పింప వచ్చు తల్లిదండ్రులలో అప్పుడప్పుడు ఒకరు, పెద్దబిడ్డ పేరు వ్రాయించిన పిదప, చంకనున్న చిన్నబిడ్డను చూపి గొంతు తగ్గించి యడుగుదురు: "వీడికి చెవులు సరిగా వినపడవంటున్నారండీ. ఏ భాషలో మాట్లాడించమంటారు?" హోసూరులో గాని, బళ్ళారిలో గాని, షోలాపురములో గాని, బరంపురములో గాని యీ ప్రశ్న వట్టి ప్రశ్న కాదు. మన యింట తెలుగు, వీథిలో తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియాయో, పుస్తకములలో ఇంగ్లీషు. వినగల బిడ్డ యీ మూటినడుమ ఆడుచు పాడుచు తిరుగును. చెవి వినని బిడ్డ తల్లికి వీనితోపాటు సంజ్ఞాభాష యను నాల్గవదియు నెదురగును. దేనిని పట్టుకొనవలెనో, దేనిని విడువవలెనో తెలియక యామె తల్లడిల్లును. నేను వైద్యుడను కాను, ఉపాధ్యాయుడను. ఆ బాలిక మూలమున నే నీ విషయమును గూర్చి చదివి, పెద్దల నడిగి తెలిసికొన్నంత వఱకు తల్లిదండ్రుల యెదుట నుంచుచున్నాను.

ఏ భాష యను ప్రశ్నకంటె ముందు ఎప్పుడను ప్రశ్న యున్నది. గర్భస్థశిశువు ఏడవ మాసమునకు తల్లిగొంతు వినుచుండునని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. అభిమన్యుని కథ పెరిగిన మన యిండ్లలో నిది క్రొత్తమాట కాదు. వినికిడి గల శిశువు పుట్టునప్పటికే రెండు మాసముల పాఠము విని వచ్చును. పుట్టిన తరువాత నొక యేడు మాటాడకపోయినను ఊరక యుండదు. ఏ గొంతు ఎవరిది, ఏ ధ్వని తన యింటి భాషలోనిది, ఒక మాట యెక్కడ ముగిసి మఱొకటి యెక్కడ మొదలగును అను సంగతులను పోగుచేసికొనుచునే యుండును. మెదడు భాషను ఇంత సులభముగ గ్రహించు కాలము తొలి మూడు నాలుగేండ్లు. ఆ యేండ్లలో ఏ భాషయు చేరని బిడ్డకు కలుగు నష్టము చెవితో ఆగదు; ఆలోచనకును, చదువునకును, నలుగురితో మెలగుటకును ప్రాకును.

తీవ్రమైన వినికిడి లోపముతో వేయిమందిలో ఒకరిద్దరు పుట్టుదురు. అమెరికాలో జరిగిన గణనల ప్రకారము బధిర శిశువులలో నూటికి తొంబదిమందికి పైగా వినగల తల్లిదండ్రుల కడుపుననే పుట్టుచున్నారు. కావుననే ఆ తల్లిదండ్రులకు ఆనవాలు తెలియదు. మనవారు చేయు పరీక్ష పళ్ళెముపై గరిటెతో కొట్టుట. బిడ్డ తల త్రిప్పినచో "వింటున్నాడు" అని ఊఱట చెందుదురు. ఆ మ్రోత నేలగుండ పాదములకు తాకవచ్చును. కొట్టినవారి చేతినీడ కంటబడవచ్చును. లేదా లావు ధ్వనులు వినబడి సన్నని ధ్వనులు వినబడకుండ నుండవచ్చును. పళ్ళెపు మ్రోత వినుట వేఱు, మాట వినుట వేఱు.

నేడు పుట్టిన రెండవనాడే పరీక్షింపగల సాధనము లున్నవి. ఒకదానిలో చెవియందు చిన్న గొట్టముంచి మెల్లని ధ్వని పంపుదురు. లోపలి చెవి ఆరోగ్యముగ నున్నచో అది సన్నని ప్రతిధ్వని నిచ్చును. దీనిని ఓ.ఏ.ఇ. యందురు. బెరా యను రెండవ పరీక్షలో తలకు తీగె లంటించి, ధ్వని నరముగుండ మెదడునకు చేరుచున్నదో లేదో చూతురు. రెండింటిలోను నొప్పి లేదు. బిడ్డ నిద్రించుచుండగనే చేయుదురు. మొదటిది బాగున్నను నరమున లోప ముండవచ్చును గాన, అనుమాన మున్నచో రెండవదియు చేయింపవలెను. మొదటి మాసములో పరీక్ష, మూడవ మాసములోపల నిర్ధారణ, ఆఱవ మాసములోపల సహాయము అనునది వైద్యులు పెట్టుకొన్న లెక్క. ఈ లెక్కకు బలము చేకూర్చినది అమెరికాలో కొలరాడోకు చెందిన క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందము 1998లో ప్రచురించిన పరిశోధన. ఆఱు మాసములలోపల కనుగొనబడిన బిడ్డలు ఆ తరువాత కనుగొనబడినవారికంటె భాషలో స్పష్టముగ ముందుండిరని వారు చూపిరి. మన దేశమున 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో పుట్టుకతో వచ్చు చెవుడును చేర్చినారు. జిల్లా కేంద్రములందలి సత్వర సహాయ కేంద్రములకు బిడ్డను తీసికొనిపోయి చూపవచ్చును.

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. లోపము తెలిసిననాడు మన యిండ్లలో మొదట వెదకునది కారణమును గాదు, దోషిని. ఆ దోషి సాధారణముగ కోడలే యగును. పుట్టుచెవుడు పెక్కింట వంశాణువుల వలన వచ్చును. అందు హెచ్చుభాగము తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, ఇరువైపుల దాగియున్న అణువులు కలిసినప్పుడు బయటపడును. మేనరికములలో ఆ కలయికకు అవకాశ మధికము. ఇక నెలలు నిండక పుట్టుట, పసిరికలు తీవ్రమగుట, గర్భిణికి రుబెల్లా సోకుట, మెదడుపొరల జ్వరము మున్నగునవి తక్కిన కారణములు. వీనిలో నే దొకటియు తల్లి చేసిన తప్పు కాదు. ఆ వాదులాటలో పోవు ఆఱు మాసములు బిడ్డవి.

"మూగ" యను మాటను కూడ విడువవలెను. బధిర శిశువు గొంతునకు లోపము లేదు. అది యేడ్చును, నవ్వును, నాలుగైదు మాసములలో "బ్బ, మ్మ" యని ఊకొట్టుచు ధ్వనులు చేయును, విని మోసపోవుదుము. తన ధ్వని తనకు తిరిగి చేరనందున అది క్రమముగ తగ్గును. సంజ్ఞాభాష వాడు బధిర దంపతులకు పుట్టిన బధిర శిశువులు చేతులతో ఊకొట్టుదురని, అనగా అర్థములేని సంజ్ఞాఖండములను మరల మరల చేయుదురని, పెటిటో, మారెంటెట్ అను పరిశోధకులు 1991లో కనుగొనిరి. భాష నేర్వవలెనను ఆరాటము చెవిలో లేదు. అది లోపల నున్నది. దారి దొరికినవైపునుండి వచ్చును.

ఆ దారులలో మొదటిది వినికిడి. కొంచెమైన వినికిడి మిగిలిన బిడ్డకు వినికిడి యంత్రము ధ్వనిని పెంచి యిచ్చును. రెండు చెవులకును లోపమున్నచో రెండింటికిని పెట్టించుట మంచిది. బిడ్డ పెరిగిన కొలది చెవిలోని అచ్చు వదులై కూయసాగును. అప్పుడు క్రొత్త అచ్చు తీయింపవలెను. ఆ కూతకు విసిగి యంత్రమును బీరువాలో పెట్టువారిని నే నెఱుగుదును. యంత్రమున నే ధ్వనులు వినబడుచున్నవో ఇంటనే చూచుకొనుటకు కెనడాలో పనిచేసిన డేనియల్ లింగ్ అను నాయన ఆఱు ధ్వనులను ఏర్పఱచెను: ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. మన యక్షరమాల చదివినవారికి ఇవి చుట్టములే. నోరు చేతితో గాక కాగితముతో మఱుగుపఱచి, ఒక్కొక్క ధ్వని పలికి, బిడ్డ గుర్తించుచున్నదో లేదో ప్రతి యుదయము చూడవచ్చును. "మ్" మిగుల లావు ధ్వని, "స్" మిగుల సన్ననిది. నిన్న విన్న "స్" నేడు వినబడనిచో బ్యాటరీయో, అచ్చో, చెవిలో నీరో కారణమై యుండును.

యంత్రము చాలనంత లోపమున్నచో కాక్లియర్ ఇంప్లాంటు గలదు. శస్త్రచికిత్సచే లోపలి చెవిలో సన్నని తీగెను చొప్పించి, బయట తలకంటిన పరికరము పంపు ధ్వనిని విద్యుత్స్పందనలుగ నరమునకు అందించెదరు. నరము సరిగా నున్నవారికే యిది పనికివచ్చును. ఒకటి రెండేండ్ల లోపల చేయించిన ఫలము హెచ్చు. మెదడుపొరల జ్వరముచే చెవుడు వచ్చినచో లోపలి చెవి ఎముకగ మారిపోవచ్చును గాన జాగు చేయరాదు. కేంద్రప్రభుత్వపు అడిప్ పథకములోను, తమిళనాడు మొదలగు రాష్ట్రముల ఆరోగ్య పథకములలోను దీనికి సహాయ మున్నది. అయిదారేండ్ల వయస్సు దాటినచో సాధారణముగ నీయరు. ఆపరేషనుతో పని ముగిసినదనుకొనుట పెద్ద పొరపాటు. అది యిచ్చునది మన వినికిడి వంటిది కాదు. దానిని మాటగ గుర్తించుటకు ఏండ్ల శిక్షణ కావలెను. తీగెలు, బ్యాటరీలు, మరమ్మతులు జీవితమంతయు నుండును. మంచి ఫలము పొంది తోడి పిల్లలతో సమానముగ మాటాడువారును గలరు. అంతే శ్రమపడియు కొలది మాటలతో ఆగిపోయినవారును గలరు. బిడ్డ యే కోవలోనిదగునో ముందుగ ఎవరును రూఢిగ చెప్పలేరు. ఈ వాక్యమును తల్లిదండ్రులు గుర్తుంచుకొందురుగాక. తరువాతి విషయము దీనిపైననే యాధారపడియున్నది.

పెదవులను చూచి గ్రహించుట మఱొక దారి యని పలువురు తలంతురు. మా తరగతిలోని బాలిక పడిన పాటు దానివలననే. అద్దమెదుట నిలిచి గొంతెత్తక "పాట, బాట, మాట" యని పలికి చూడుడు. మూడింటికిని పెదవులు ఒకే తీరున కలిసి విడును. "పడి, బడి, మడి" యను వానికిని అంతియే. తమిళ లిపిలో ప, బ లకు ఒకే యక్షరమని మన పిల్లలు చిన్నతరగతులలో తికమకపడుదురు గదా. పెదవుల లిపిలో మకారము కూడ అందే కలిసినది. ఇక క, గ లు గొంతులోననే పుట్టును గాన బయటి కసలు కనబడవు. తెలుగులో మఱొక చిక్కు. వచ్చినవాడు మగవాడా, ఆడుదియా, పదిమందియా యనునది "వచ్చినాడు, వచ్చినది, వచ్చినారు" అను మాట తుదలో నుండును. మనము గొంతు దించి మ్రింగునది ఆ తుదినే. భాష ముందే తెలిసినవానికి పెదవులు సాయపడును, ఎట్లన సందర్భముబట్టి ఊహించుకొనును. భాష తెలియని శిశువు దేనినిబట్టి ఊహించును? పెదవులు ఊతకఱ్ఱ మాత్రమే.

కంటి దారిలో నిజమైన భాష సంజ్ఞాభాష. ఇది వట్టి సైగ లనియు, నాటకపు అభినయ మనియు చాలకాలము పండితులే భావించిరి. 1880లో ఇటలీలోని మిలాను నగరమున బధిరోపాధ్యాయుల మహాసభ జరిగెను. ప్రతినిధులలో బధిరు డొక్కడే. ఆ సభ మాటయే విద్యామార్గమని తీర్మానించి, సంజ్ఞలను పాఠశాలలనుండి తొలగింపవలెననెను. ఆ తరువాత పెక్కుదేశములలో పిల్లలు సంజ్ఞ చేసినచో చేతులపై కొట్టిరి. మన దేశమున బధిరుల పాఠశాలలు 1880 దశకములో బొంబాయితో మొదలైనవి. ఇచటను తరగతిలో మాట పద్ధతియే చెల్లెను. కాని పిల్లలు వసతిగృహములలోను, ఆటస్థలములలోను చేతులతో మాటాడుకొనుచునే యుండిరి. పెద్దలు కాదన్న భాష పిల్లల ఆటలలో బ్రతికెను. అమెరికాలో విలియం స్టోకీ 1960లో తన గ్రంథమున సంజ్ఞలకును వర్ణములవంటి అవయవము లున్నవని, వానికి నియమమున్నదని నిరూపించెను. మిలాను తీర్మానమును బధిరవిద్యా మహాసభ 2010లో వాంకూవరున త్రోసిపుచ్చి విచారము ప్రకటించెను. నూట ముప్పది యేండ్లు పట్టినది.

భారతీయ సంజ్ఞాభాషకు న్యూఢిల్లీలో 2015లో ఒక పరిశోధన శిక్షణ కేంద్రము నెలకొల్పబడెను. అది 2018లో 3,000 పదములతో నిఘంటువును వెలువరించి, 2021 నాటికి 10,000 పదములకు పెంచెను. ప్రతి పదమునకును చలనచిత్ర మున్నది. సెల్‌ఫోనులో ఉచితముగ చూడవచ్చును. ఈ భాష మనకు మిక్కిలి పరాయిది కాదు. కర్త ముందు, క్రియ చివర, ప్రశ్నపదము వాక్యాంతమున. "నీ పేరు ఏమి" యని మన మనువరుసలోనే చేతులును నడచును. "అది మా యిల్లు" అనుటకు మనకు క్రియ అక్కఱలేనట్లే దానికిని అక్కఱలేదు. అచ్చటచ్చట పదములలో భేదమున్నను వ్యాకరణము దేశమంతట దాదాపు ఒకటియే. ఇందొక వింత యున్నది. షోలాపురపు తెలుగు బిడ్డయు, బరంపురపు తెలుగు బిడ్డయు పెరిగి కలిసికొన్నప్పుడు ఒకరికి మరాఠీ, ఒకరికి ఒడియా అలవాటై తెలుగులో తడబడుదురు. అదే ఊళ్ళ బధిర యువకులు కలిసినచో చేతులతో అనర్గళముగ మాటాడుకొందురు.

మాటయా, సంజ్ఞయా యను వివాదము పండితులలో ముగియలేదు. సంజ్ఞ నేర్పినచో బిడ్డ మాటకు సోమరియగునని కొందఱు శిక్షకులు వారించెదరు. 2017లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధన, సంజ్ఞలు వాడని యిండ్లలోని ఇంప్లాంటు పిల్లలు మాటలో మిన్నగ నుండిరని చెప్పెను. ఆ యిండ్లలో చాలవఱకు సంజ్ఞలు భాషగ గాక ముక్కలుగ వాడబడినవి, ఆ పోలిక సరికాదు అని తక్కినవా రాక్షేపించిరి. నాకు తృప్తి కలిగించినది రేచెల్ మేబెరీ బృందము 2002లో నేచర్ పత్రికలో ప్రకటించిన విషయము. చిన్నతనమున మాట నేర్చి తరువాత చెవి పోయినవారు పెద్దయైన పిమ్మట సంజ్ఞాభాషను బాగుగ నేర్చిరి. చిన్నతనమున సంజ్ఞాభాష నేర్చిన బధిరులు ఇంగ్లీషును, దానిని రెండవ భాషగ నేర్చిన వినగలవారితో సమానముగ నేర్చిరి. చిన్నతనమున ఏదియు లేనివారు మాత్రము తరువాత నేర్చినదానిలో వెనుకబడిరి. అనగా మొదటి భాష చెవినుండి వచ్చినదా, కంటినుండి వచ్చినదా యనునదానికంటె, సకాలమున వచ్చినదా లేదా యనునది ముఖ్యము.

అందుచే నా యభిప్రాయ మిది. యంత్రముగాని ఇంప్లాంటుగాని పెట్టించి మాటకొఱకు శక్తివంచన లేక కృషి చేయుడు. ఆ ఫలము తేలువఱకు బిడ్డను భాష లేకుండ కూర్చుండబెట్టవలదు. మాట వచ్చునేమో యని మూడేండ్లు వేచి, రాలేదని తెలిసి, అప్పుడు సంజ్ఞలకు వచ్చినచో ఆ మూడేండ్లు తిరిగి రావు. సంజ్ఞలు నేర్చి మాట కూడ వచ్చినచో పోయిన దేమున్నది? ఒక భాష అదనముగ వచ్చినది. రెండు మూడు భాషల నడుమ బ్రతుకు మనకు ఇది వింతగ తోపరాదు. కాని సంజ్ఞలు బిడ్డకు మాత్రమే నేర్పి ఇంటివారు నేర్వకుండిన ప్రయోజనము లేదు. తల్లి, తండ్రి, అవ్వ, అన్నలు అందఱును నేర్వవలెను. బధిరులైన పెద్దలతో బిడ్డకు పరిచయము కలిగింపవలెను. అట్టి పెద్దను జూచిననాడే, తమ బిడ్డ పెరిగి పెద్దదగునను సంగతి కొందఱు తల్లిదండ్రుల మనస్సున కెక్కును.

ఇక నోటిమాటలలో ఏది? ఇచటనే మనవారు మిక్కిలి నష్టపోవుచున్నారు. "ఇన్ని భాషలు పెట్టి బిడ్డను గందరగోళం చేయకండి, ఒకే భాష మాట్లాడండి" అని సలహా దొరకును. అంతవఱకు కొంత న్యాయము కలదు. ఒక భాష ముందు గట్టిపడుట మంచిదే. ఆ యొక్కటి ఇంగ్లీషని నిర్ణయించుకొనునపుడు ముప్పు వచ్చును. నే నెఱిగిన యొక యింట అట్లే చేసిరి. ఆ తల్లికి వచ్చిన ఇంగ్లీషు "కమ్, సిట్, ఈట్, డోంట్" అనునంతటిది. బిడ్డ చెవిలో పడినవన్నియు ఆజ్ఞలే. నిన్న ఏమి జరిగినది, రేపెవరు వత్తురు, పిల్లి యెందుకు పాఱిపోయినది, తాత కెందుకు కోపము వచ్చినది అను ముచ్చట్లు లేవు. తెలుగు తప్ప మఱేమియు రాని అవ్వ, తన మాట బిడ్డకు చెఱుపని విని, మాటాడుటయే మానెను. బిడ్డ చెవికి యంత్రము పెట్టించి, తల్లినోటికి తాళము వేసినట్లయినది.

బిడ్డకు కావలసినది పలుకులు గాదు, సంభాషణ. అది తల్లికి కలలోనైన తడబాటు లేని భాషలోనే సాధ్యము. సంఘాభిమానముచే నేను తెలుగును సిఫారసు చేయుట లేదు. మన కుటుంబములలో మూడు తరములనుండి ఇంట తమిళమో కన్నడమో స్థిరపడినవి కలవు. వారికి అదియే తల్లిభాష, అదియే వాడవలెను. ఇంట తెలుగైనచో తెలుగే. ఇంట రెండు భాషలు విను ఇంప్లాంటు పిల్లలను, ఒకే భాష విను పిల్లలతో పోల్చిన పలు పరిశోధనలలో రెండవ భాషవలన మొదటిదానికి హాని కనబడలేదు. శిక్షకురాలు తమిళమున పాఠము చెప్పినచో పద్ధతిని చూచి నేర్చుకొని ఇంట తెలుగులో చేయవచ్చును. బిడ్డ చూచుచున్న వస్తువునుగూర్చియే మాటాడుట, తుదిని మ్రింగక పూర్తి వాక్యము చెప్పుట, బిడ్డ వంతునకై ఆగుట అను పద్ధతులకు భాషాభేదము లేదు. తెలుగు మాట అచ్చుతో ముగియును, అచ్చులు హల్లులకంటె బిగ్గరగ వినబడును. ఇది మన బిడ్డలకు కొంత అనుకూలమే. రాష్ట్రభాషను వీథిలోను బడిలోను తరువాత అందుకొందురు. పై తరగతులలో భాషల భారము హెచ్చని భయపడవలదు. వినికిడి లోపమున్న విద్యార్థులకు ఒక భాషాపత్రమునుండి మినహాయింపు నిచ్చు పరీక్షామండలు లున్నవి. ముందుగనే ప్రధానోపాధ్యాయుని ద్వారా విచారించి పత్రములు పంపుకొనవలెను.

చట్టము సంగతి క్లుప్తముగ చెప్పెదను. మాతృభాషలో ప్రాథమిక విద్యకై రాజ్యాంగపు 350-ఎ అధికరణము మన వంటి వారికొఱకు 1956లో చేర్చబడెను. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. బధిరులకు తగిన భాషలోను, తగిన పద్ధతిలోను చదువు చెప్పవలెనని అది విధించినది. ఆఱునుండి పదునెనిమిదేండ్ల వఱకు దగ్గఱి పాఠశాలలోగాని, కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచిత విద్య పొందు హక్కు నిచ్చినది. సంజ్ఞాభాష యింకను ఎనిమిదవ షెడ్యూలులో లేదు. తెలుగు మాటాడు ఇంట పుట్టి సంజ్ఞాభాషలో ఎదుగు బిడ్డ మన యల్పసంఖ్యాకులలోను అల్పసంఖ్యాకుడు. మన భాషను బడిలో నిలుపుకొనుటకు మనము తిరిగిన కార్యాలయముల మెట్లు మనకు గుర్తున్నవి గదా.

పరీక్షకును, సలహాకును మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ కలదు. అచ్చటి శిశుతరగతులలో తల్లులకు కూడ శిక్షణ నిత్తురు. బొంబాయిలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికిందరాబాదున ప్రాంతీయకేంద్ర మున్నది. తెలుగులో మాటాడు శిక్షకులు కావలెనన్నవారు అచ్చట విచారింపవచ్చును. దూరప్రయాణము వీలుగానివారు ముందు జిల్లా ఆసుపత్రికి పోవుడు. పోవునపుడు మూడు సంగతులు కాగితముమీద వ్రాసికొని యడుగవలెను: ఏ చెవి ఎన్ని డెసిబెల్ల వఱకు వినుచున్నది, నరము బాగున్నదా, మరల ఎప్పుడు రావలెను. మామూలు సంభాషణ అఱువది డెసిబెల్లు. ఆ యంకెను దగ్గఱ నుంచుకొని చూచినచో వైద్యుని చీటీ అర్థమగును.

మన పాఠశాలకు వచ్చు పిల్లల విషయమై యొక మనవి. వినికిడి యంత్రము గల ఆడపిల్లను జడక్రింద దానిని దాచి పంపుచున్నారు. మగపిల్లవానికి చెవులమీదికి జుట్టు పెంచుచున్నారు. నలుగురు నవ్వుదురని యీ భయము. ఉపాధ్యాయునకు తెలియనిచో వాడు నల్లబల్లవైపు తిరిగియే మాటాడును. నేనును అట్లే మాటాడితిని. చేర్చుననాడే ఏ చెవి మేలైనదో చెప్పుడు. ముందు బల్లపై, కిటికీ వెలుతురు ఉపాధ్యాయుని ముఖముపై పడు వైపున కూర్చుండబెట్టుదుము. బ్యాటరీలు రెండు అదనముగ పలకసంచిలో నుంచుడు. మధ్యాహ్నము వేళ అది అయిపోయినచో మిగిలిన పాఠములు బిడ్డకు లేనట్లే. ఉక్తలేఖనము చెప్పువారు ముఖము చూపి చెప్పవలెను, ఒక్క మాటగ గాక వాక్యములో పెట్టి చెప్పవలెను. "మాట" యని గాక "అమ్మ మాట వినవలెను" అనినచో ఆ బాలికయు బహుశః సరిగానే వ్రాసియుండును.